అత్తగారి వేలిముద్ర పడలేదని బియ్యం ఆపవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. పుట్టిల్లు నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఓ పల్లె. పెళ్లయి రెండేళ్లు, పది నెలల బాబు ఉన్నాడు. పుట్టింటి రేషన్ కార్డులో నా పేరు తీయించాను. అత్తగారి కార్డులో నన్నూ బాబునూ చేర్చమని సచివాలయంలో అర్జీ పెట్టి నాలుగు నెలలైంది. ఎప్పుడు అడిగినా ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటున్నారు. ఇప్పుడు కార్డు మీద అత్తగారు, మా ఆయన ఇద్దరే ఉన్నారు. ఆయన బెంగళూరులో తాపీ పని చేస్తున్నారు. అత్తగారు పొగాకు గ్రేడింగ్‌కు వెళతారు. ఆమె వేలిముద్ర మెషిన్‌లో పడటం లేదని రెండు నెలలుగా బియ్యం ఇవ్వలేదు. డీలర్‌ను అడిగితే వచ్చే నెల చూద్దాం అంటున్నారు. ఆగిన బియ్యం తర్వాతైనా ఇస్తారా? కార్డే తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరి మీద కేసు వేయాలి?

సమాధానం: అమ్మా, కేసు మాట తర్వాత చూద్దాం. ఈ నెల 15వ తేదీలోపు మీ అత్తగారిని వెంటబెట్టుకుని షాపుకు మళ్లీ వెళ్లండి. వేలిముద్ర పడదని తెలిసినా సరే, వెళ్లండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

మీరు రాసినదాంట్లో రెండు సమస్యలు కలిసిపోయాయి. అత్తగారి కార్డు నడుస్తోంది, దాని మీద రావాల్సిన బియ్యం రావడం లేదు. అది ఉన్న హక్కు చేతికి అందకపోవడం. మీ పేరు, బాబు పేరు ఇంకా కార్డు ఎక్కలేదు. అది అర్జీ తేలకపోవడం. చట్టం ఈ రెండింటినీ ఒకే తీరుగా చూడదు కాబట్టి మీరు కూడా రెండింటికీ ఒకే కాగితం రాయకండి.

ముందు బియ్యం సంగతి. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు రావాలి. అంత్యోదయ కార్డయితే ఎంతమంది ఉన్నా కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ బియ్యానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. మీది మామూలు కార్డే అనుకుంటే ఇద్దరికి నెలకు 10 కిలోలు, రెండు నెలలకు 20 కిలోలు ఆగిపోయాయన్నమాట. పొగాకు జిగురు పట్టి, దాన్ని తోమి తోమి గీతలు అరిగిపోయిన వేళ్లు మన జిల్లాలో వేలమందికి ఉన్నాయి. చీమకుర్తి రాయి పనివాళ్లదీ ఇదే బాధ. కష్టపడి అరిగిన వేళ్లను చూపించి తిండిగింజలు ఆపమని ఏ చట్టమూ చెప్పలేదు.

2017లో జార్ఖండ్‌లోని సిమ్డెగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని ఆ ఇంటి రేషన్ కార్డు అంతకు ముందే రద్దయింది. ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది, అక్కడి అధికారులు కాదన్నారు. ఆ గొడవ తర్వాత, ఆ ఏడాది అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక ఆదేశం పంపింది. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో, నెట్‌వర్క్ లేదనో అర్హులకు సరుకు ఆపకూడదని, అలాంటివాళ్లకు ఇచ్చిన సరుకును మినహాయింపు రిజిస్టర్‌లో విడిగా రాసుకోవాలని దాని సారాంశం. 2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా, వేలిముద్ర సరిపోలనంత మాత్రాన అర్హులకు రావాల్సిన ప్రయోజనం ఆగకూడదనే చెప్పింది. కాబట్టి షాపులో మీరు అడగాల్సింది దయ కాదు. ‘పది వేళ్లలో ఏదో ఒకటి పడుతుందేమో చూడండి. కనుపాప స్కానర్ ఉంటే దానితో చూడండి. ఏదీ కుదరకపోతే మినహాయింపు కింద రాసుకుని ఇవ్వండి’ అని అడగండి. డీలర్ తన చేతిలో లేదంటే సీఎస్‌డీటీకి, అంటే మండలంలో పౌరసరఫరాలు చూసే డిప్యూటీ తహసీల్దారుకు, అక్కడి నుంచే ఫోన్ చేయించండి. నిజానికి చాలాచోట్ల డీలర్లకు మినహాయింపు సంగతే ఎవరూ చెప్పలేదు. అతనితో తగాదా పెట్టుకోవద్దు, మీకు రేపు సాక్షి కావాల్సింది కూడా అతనే.

ఇక ఆగిన బియ్యం. షాపు మెషిన్‌లో నెల లెక్క ముగిశాక పాత నెల కోటా సాధారణంగా తర్వాతి నెలకు కలవదు. దీనికే చట్టంలో 8వ సెక్షన్ పెట్టారు. ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వకపోతే దాని బదులు ఆహార భద్రతా భత్యం డబ్బు రూపంలో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి. లెక్క ఎలా కట్టాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో 2015లో వచ్చిన నిబంధనలు చెబుతాయి. మద్దతు ధర ఆధారంగా లెక్కగట్టి, తర్వాతి నెల మూడో వారం ముగిసేలోగా ఇవ్వాలి. అయితే ఆ నిబంధనల్లోనే ఒక మెలిక ఉంది. ఆ నెలలో షాపుకు వెళ్లి సరుకు అడగనివాళ్లకు ఈ భత్యం రాదు. మొదట్లోనే షాపుకు వెళ్లండి అని చెప్పింది ఇందుకే. ‘ఎలాగూ పడదులే’ అని ఇంట్లో కూర్చున్న నెల మీదే తప్పవుతుంది. వెళ్లి, అడిగి, లేదనిపించుకున్న నెల ప్రభుత్వానిది. మెషిన్‌లో వేలు పెట్టి విఫలమైన ప్రతిసారీ అందులో నమోదవుతుంది. వెళ్లిన తేదీ, టైము, డీలర్ ఏమన్నాడో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పక్కన ఉన్నవాళ్ల సంతకం ఒకటి తీసుకోండి. పోయిన రెండు నెలల్లో వెళ్లిన రోజులు గుర్తుంటే ఇవాళే రాసిపెట్టండి.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. మన రాష్ట్రంలోని బియ్యం కార్డులన్నీ కేంద్ర చట్టం కిందవి కావు. కొన్ని కార్డులకు రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో ఇస్తోంది. అలాంటి కార్డయితే 8వ సెక్షన్ భత్యం అడగలేం. మీది ఏ రకమో సీఎస్‌డీటీ చూసి చెప్పగలరు. ఏ రకమైనా, కారణం చెప్పకుండా నెలల తరబడి ఆపడం తప్పే.

అత్తగారికి 65 ఏళ్లు దాటాయా? 2025 జూన్‌లో ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆపి మళ్లీ షాపులు తెరిచినప్పుడు, 65 దాటినవాళ్లకూ దివ్యాంగులకూ డీలరే ఇంటికి తెచ్చి ఇచ్చేలా ఏర్పాటు చేశారు. వయసు ఉంటే అది అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాపలు ఒకసారి అప్‌డేట్ కూడా చేయించండి. పని లేని నాలుగు రోజులు చూసుకుని, చేతులకు కొబ్బరి నూనె రాసుకుంటూ ఉండి తీసుకెళితే ముద్ర కాస్త బాగా పడుతుందని నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చెబుతుంటారు.

మీ ఆయన విషయం తేలిక. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఆయన తన 5 కిలోలు బెంగళూరులోని ఏ రేషన్ షాపులోనైనా కార్డు నంబరు చెప్పి, వేలు పెట్టి తీసుకోవచ్చు. మిగతావాళ్ల వాటా ఇక్కడ అలాగే ఉంటుంది. ఈ పథకాన్ని అన్ని రాష్ట్రాలూ 2021 జులై 31లోగా అమలు చేయాలని వలస కూలీల కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా. ఆయన ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం, పెండింగులో ఉంటే అక్కడే చేయించుకోమనండి. ఊళ్లో లేడన్న ఒక్క కారణంతో పేరు తీసేయకూడదు.

ఇప్పుడు మీ అర్జీ. ‘ప్రాసెస్‌లో ఉంది’ అనేది జవాబు కాదు. ఎవరి లాగిన్‌లో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది అన్నదే జవాబు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ఎక్కించిన అర్జీకి విచారణ, ఈకేవైసీ జరగాలి. ఆ తర్వాత తహసీల్దారు ఆమోదించాలి. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వచ్చిన కోడళ్ల విషయంలో నేను ఎక్కువగా చూసింది ఇది. పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీసేస్తారు, కానీ సచివాలయం హౌస్‌హోల్డ్ డేటాలో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారన్న లెక్కలో, ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంటుంది. కంప్యూటర్‌కు మీరు కావలి దగ్గరే ఉన్నారు, టంగుటూరులో లేరు. ఎన్నిసార్లు తిరిగినా అర్జీ కదలదు. పుట్టింటి ఊరి సచివాలయంలో మీ పేరు అక్కడి నుంచి విడదీశారో లేదో మీ అమ్మగారినో తమ్ముడినో కనుక్కోమనండి. ఒక్కోసారి ఇంకో తిరకాసు ఉంటుంది. అర్హత పరిశీలనలో ఎవరిదో కరెంటు మీటరో కారో మీ కుటుంబం ఆధార్‌కు తగిలి 300 యూనిట్లు దాటిందనో, నాలుగు చక్రాల బండి ఉందనో చూపిస్తుంది. అది మీది కాదని కరెంటు ఆఫీసు నుంచో రవాణా ఆఫీసు నుంచో కాగితం తెచ్చి తీయించుకోవాలి. బాబుకు జనన ధ్రువపత్రం, పిల్లల ఆధార్ ఉంటే చాలు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈకేవైసీ అక్కర్లేదు.

ఆమోదం వచ్చాక కూడా ఒక నెల ఓపిక పట్టాల్సి రావచ్చు. షాపుకు రావాల్సిన సరుకు ముందు నెలలో ఉన్న పేర్ల లెక్కతో కేటాయిస్తారు. నెల మధ్యలో ఎక్కిన పేరుకు తర్వాతి నెల నుంచి వస్తుంది. ఇది న్యాయమైన ఆలస్యమే, దీని మీద ఫిర్యాదు పెట్టకండి. నాలుగు నెలల మౌనం మాత్రం న్యాయమైనది కాదు. కానీ పేరు కార్డు ఎక్కక ముందు నెలలకు భత్యం అడగడం కష్టం, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఫిర్యాదులు ఈ వరుసలో పెట్టండి. 1967కు ఫోన్ చేసి నంబరు తీసుకోండి. సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో రెండు అర్జీలు విడివిడిగా ఇచ్చి రసీదులు తీసుకోండి. బియ్యం అర్జీని జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరిట రాయండి. చట్టం 15వ సెక్షన్ కింద ప్రతి జిల్లాకూ ఆ అధికారి ఉండాలి. అందులో కార్డు నంబరు, రాని నెలలు, షాపుకు వెళ్లిన తేదీలు, ఆగిన కిలోలు, ‘8వ సెక్షన్ కింద భత్యం ఇప్పించండి’ అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. జిల్లా అధికారి సిఫారసు చేసినా సరైన కారణం లేకుండా అమలు చేయని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. దాంతోపాటు తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు కింద ‘నా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం చేశారు’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, కార్డు జిరాక్సు జతచేయండి.

కార్డు తీసేస్తారన్న భయం పెట్టుకోకండి. నోటీసు ఇవ్వకుండా, మీ మాట వినకుండా అర్హుల కార్డు రద్దు చేస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు, అలాంటి ఉత్తర్వు నిలవడం కష్టం. డీలర్ మీద ఇప్పుడు కేసు వేయడం మాత్రం నాకు సరైనదిగా తోచడం లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, సమయం ఇచ్చి, అయినా తేలకపోతేనే కోర్టు. అప్పుడు కూడా మీకు ఖర్చు అవసరం లేదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఒంగోలులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు కార్డు జిరాక్సు, సచివాలయం ఇచ్చిన రసీదు, కలెక్టరేట్ రసీదులు, తేదీలు రాసుకున్న నోటుబుక్కు మర్చిపోకుండా తీసుకెళ్లండి.