అమ్మ ప్లగ్గు ఎందుకు పీకేసింది?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. చూపు మందగించింది, ఒంటరిగా ఉంటోంది. మాటతో పనిచేసే స్పీకరు కొనిచ్చి అన్నీ నేర్పాను. నాలుగు రోజులకే ప్లగ్గు పీకేసింది. ‘అది నా మాట వినదు, నువ్వేమో దాంట్లోంచి నన్ను కనిపెడుతున్నావు’ అంటోంది. మంచికి పోతే చెడు ఎదురైంది. ఏం చేయను?

జవాబు: అమ్మగారి రెండు ఫిర్యాదుల్లోనూ నిజం ఉండొచ్చు. మీది ఏ రకమో రాయలేదు, అమెజాన్ వాళ్ల అలెక్సా స్పీకరు అనుకుని చెబుతున్నాను.

ముందు రెండోది. అందులో ‘డ్రాప్ ఇన్’ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే, ఆవిడ కాల్ ఎత్తకుండానే మీ గొంతు గదిలో వినిపిస్తుంది, అక్కడి మాటలు మీకూ వినిపిస్తాయి. తన ఇంట్లో తన మాటలు ఎవరో వింటున్నారన్న బెంగ చిన్నది కాదు. ఆవిడ ఎదుటే దాన్ని ఆపేయండి, మామూలు కాల్ ఒక్కటే ఉంచండి. తర్వాత స్పీకరు మీద ఉన్న మైకు బటన్‌ను ఆవిడ చేతే నొక్కించండి. ఎర్ర లైటు వెలిగిందంటే అది వినడం లేదు. అప్పుడు కూడా రిమైండర్లు మోగుతాయి. చూపు తక్కువ కాబట్టి బటన్ మీద ఉబ్బెత్తుగా ఉండే చిన్న స్టిక్కరు అంటించండి, వేలికి తగులుతుంది.

ఇక మాట వినకపోవడం. పెద్దవాళ్లు ‘అలెక్సా’ అని పిలిచాక ఏం అడగాలో ఆలోచించుకుంటారు, ఈలోగా నీలం లైటు ఆరిపోయి అది వినడం ఆపేస్తుంది. ఫోనులోని అలెక్సా యాప్‌లో ‘అడాప్టివ్ లిజనింగ్’ అనే సెట్టింగు ఆన్ చేస్తే ఇంకాస్త ఆగుతుంది. స్పీకరును గోడకూ కిటికీకీ కనీసం 20 సెంటీమీటర్ల ఎడంగా, టీవీకి దూరంగా పెట్టండి. కాంటాక్టుల్లో మీ పేరు ఇంటిపేరుతో సహా ఉంటే, ఆవిడ పిలిచే ముద్దుపేరుకు అది దొరకదు. ఆవిడ నోట వచ్చే పేరే అక్కడా పెట్టండి.

అన్నీ ఒకేసారి నేర్పకండి. మొదటి వారం ఆవిడ దానితో మాట్లాడాల్సిన పనే పెట్టొద్దు. మందుల రిమైండరు మీరే యాప్‌లో పెట్టండి, ఆవిడ వింటే చాలు. బాత్రూములో ఉన్నప్పుడు మోగితే వినపడదు కాబట్టి 20 నిమిషాల తర్వాత రెండోది పెట్టండి. అందులో ‘మందు వేసుకో’ అని మాత్రం పెట్టకండి, మరిచిపోయి రెండోసారి వేసుకునే ప్రమాదం ఉంది. రోజుకో గడి ఉండే మందుల డబ్బా ఇచ్చి, ‘ఈ రోజు గడి ఖాళీ అయిందా తడిమి చూడు’ అన్న అర్థం వచ్చేలా పెట్టండి. దీనికి అలవాటు పడ్డాక రెండో పనిగా మీకు కాల్ చేయడం నేర్పండి. టైమెంత, వాతావరణం ఎలా ఉంది లాంటివి ఆవిడే అడుగుతారు.

పడిపోతే ఇది ఆదుకుంటుందని మాత్రం నమ్ముకోకండి. కరెంటు పోయినా, వైఫై ఆగినా మూగబోతుంది. పెద్ద బటన్ల ఫోను ఒకటి ఆవిడ మెడలోనో జేబులోనో ఎప్పుడూ ఉండాలి, అందులో ఒకటో అంకె నొక్కితే మీకు కాల్ వచ్చేలా పెట్టండి.