కొసమెరుపు కోసం చంపిన హవల్దారు

బాబూ,

నీ కథ చేరి మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైందని నొచ్చుకోకు. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి సొరుగులో పడేశాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. అన్నట్టు, ఉత్తరంలో ఆరుసార్లు ‘మేడమ్’ అన్నావు. నాకు డెబ్బై ఆరేళ్లు. అమ్మా అను, చాలు.

1987లో శ్రీలంకకు పంపిన మన శాంతి పరిరక్షక దళంతో నీ హవల్దారు తమిళుల జాఫ్నాలో దిగాడు. రెండున్నరేళ్లు మందుపాతరలు తప్పించుకున్నాడు. చివరికి 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవులో ఆఖరి ఓడ ఎక్కబోతూ తూటా తగిలి ఒరిగిపోయాడు. జేబులో కూతురు గీసి పంపిన పావురం బొమ్మ, దాని మీద నెత్తుటి చుక్క. సమాప్తం. అప్పటికి మన వాళ్లతో పోరాడుతున్న తమిళ పులులకు (ఎల్‌టీటీఈకి) కావలసింది మన వాళ్లు వెళ్లిపోవడమే కదా, వెళ్లేవాడి వీపు మీద కాల్చాల్సిన అవసరం వాళ్లకేముంది? ఆ తూటా నువ్వు పేల్చావు. కొసమెరుపు కోసం పేల్చావు.

ఈ జబ్బు మన కథకు వారపత్రికలు అంటించాయి. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సంపాదకుడు ముందు చివరి పేజీ చదివేవారు. అక్కడ ఉలిక్కిపడితేనే మొదటి పేజీకి వెళ్లేవారు. ఇప్పుడు ఆ పత్రికల్లో చాలా మటుకు పోయాయి, పోటీలు వచ్చాయి. జబ్బు మాత్రం పోలేదు. పైగా ఇన్ని మాటలకు మించరాదని ఒక నిబంధన.

నీ కథ మార్చి 24న ముగిసింది. నేనైతే అక్కడ మొదలుపెడతాను. పరాయి దేశానికి సైన్యాన్ని పంపిన కథలన్నిటికీ ఇదే మాట చెబుతాను. నా ముచ్చట అనుకో, మొండితనం అనుకో.

ఎందుకో చెబుతాను. 1987లో మేము సికింద్రాబాదులో అల్వాల్ వైపు అద్దెకుండేవాళ్లం. మొదట జాఫ్నా వెళ్లిన 54వ పదాతి డివిజన్ సికింద్రాబాదుదే. పక్క వాటాలో ఉండే శ్రీకాకుళం ఆయన అందులో లారీ డ్రైవరు. ‘పది రోజుల పని అక్కా, కుర్రాళ్లు తుపాకులు అప్పగిస్తారు, తీసుకుని వచ్చేయడమే’ అని చెప్పి వెళ్లాడు. ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు, భారత్-శ్రీలంక ఒప్పందంలో ఆయుధాల అప్పగింతకు రాసుకున్నది 72 గంటలే. తర్వాత వచ్చిన ఉత్తరాల మీద ‘56 ఏపీఓ’ అని సైన్యం తపాలా నంబరు తప్ప ఊరి పేరు ఉండేది కాదు. పొద్దున్నే రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకు ఆయన భార్య పిల్లని చంకనేసుకుని మా గుమ్మంలో నిలబడేది. ‘శాంతి పరిరక్షక దళం’ అన్న మాట వినపడగానే పిల్ల నోరు మూసేది.

1989 వేసవిలో సెలవు మీద వచ్చాడు. రోడ్డు మీద నడిచేటప్పుడు తారు దిగేవాడు కాదు. ఎదురుగా బస్సు వచ్చినా పక్కనున్న మట్టిలో కాలు పెట్టడు. చిన్న కల్వర్టు కనిపిస్తే ఆగి, వంగి, తూములోకి చూసేవాడు. వీధిలో పిల్లలు నవ్వేవాళ్లు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకే ఒక సంగతి చెప్పాడు. జాఫ్నా పక్కన ఒక పల్లెలో వాళ్ల బండ్లు నిలిపినన్నాళ్లూ ఒక ముసలామె ఇంటి ముందు వసారాలో పడుకునేవాళ్లట. ఆమె రోజూ తెల్లవారుజామున లేచి, వీళ్లు పేర్చిన ఇసుక బస్తాల చుట్టూ ఊడ్చి, మిగిలిన జాగాలోనే ముగ్గు వేసేది. ఒకరోజు వేరే చోటికి తరలమని ఆజ్ఞ వచ్చింది. వెళ్లారు. మర్నాడు మరిచిపోయిన జాకీ కోసం ఈయన వెనక్కి వెళితే, ఆమె పసుపు నీళ్లు చల్లి వసారా అంతా కడుగుతోంది, మైల కడిగినట్టు. ఈయన్ని చూసి లోపలికి వెళ్లి జాకీ తెచ్చి ఇచ్చింది. ‘తంబీ, నీళ్లు తాగుతావా’ అని కూడా అడిగింది. తాగాడు. మళ్లీ చీపురు తీసుకుంది. ‘మేము ఆమెకి ఏ కీడూ చేయలేదక్కా’ అన్నాడు. ఆ మాట నాతో రెండుసార్లు అన్నాడు.

అది కథ రాసి నాలుగు పత్రికలకు పంపాను. రెండు తిప్పి పంపాయి. ఒకాయన జవాన్ల మనోధైర్యం దెబ్బతింటుందని కార్డు ముక్క రాశారు. నాలుగో ఆయన వేసుకున్నారు. వేసుకుని, కడిగే పేరా తీసేసి, ముసలామె వీరతిలకం దిద్ది సాగనంపినట్టు మార్చారు, నా పేరు మీద! ఆ సంచిక ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఎవరికీ చూపించను.

ఇక నీ ‘శత్రువు’. పదకొండు చోట్ల రాశావు, లెక్కపెట్టాను. ఎవరా శత్రువు? శ్రీలంకలో తమిళుల మీద 1983 జూలైలో జరిగిన మారణకాండ తర్వాత మన గడ్డ మీదే శిబిరాలు పెట్టి మనమే శిక్షణ ఇచ్చిన కుర్రాళ్లలో వాళ్లూ ఉన్నారు. 1987 జూన్ 4న మన విమానాలు జాఫ్నా మీద జారవిడిచింది ఆహారం. జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ కాగితం మీద పులుల సంతకం లేదు. మర్నాడే గౌరవ వందనం వరసలో నిలబడ్డ సింహళ నావికుడు రాజీవ్ మీదికి తుపాకీ మడమ ఎత్తాడు. మరో పక్క జాఫ్నాలో తమిళులు మన జవాన్లకు పూలదండలు వేశారు. ఆ దండలకూ యుద్ధానికీ మధ్య ఉన్నది రెండు నెలలు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్పై మందిలో ఒక్కడు ప్రాణాలతో చిక్కాడు. అక్టోబరు 21న, దీపావళి పూట, జాఫ్నా ఆస్పత్రిలో మన సైనికుల కాల్పులకు రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. విశ్వవిద్యాలయం నీ కథలో రెండు పేజీలుంది, బాగానే రాశావు. ఆస్పత్రి ఒక్క వాక్యం కూడా లేదు. తెలియక వదిలేశావా, తెలిసి వదిలేశావా? తెలియకపోతే చదువు. తెలిసి వదిలేస్తే మనిద్దరం మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

ఓడ వెళ్లిపోయిన తర్వాత సంగతి చూడు. మన సైన్యం అండతో శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో, పులులకు పడని తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ ప్రభుత్వం ఏర్పడింది. మనం వెళ్లిపోతే దాన్ని కాపాడటానికి ‘తమిళ జాతీయ సైన్యం’ అని ఒకటి కట్టారు. దానికోసం మీసాలు కూడా రాని కుర్రాళ్లను బలవంతంగా పట్టుకెళ్లి తుపాకీలిచ్చి నిలబెట్టారు. మన వాళ్లు ఇలా ఓడ ఎక్కుతుంటే ఆ కుర్రాళ్ల మీదికి అలా పులులు వచ్చాయి. ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ భారతదేశానికి వచ్చేశాడు. ఆ కుర్రాళ్లకు ఏ ఓడ ఉంది? నీ పావురం బొమ్మ వాళ్లలో ఒకడి జేబులో పెట్టినా నేను ఇంత గొడవ చేసేదాన్ని కాదు.

మన సైన్యాన్ని పొమ్మని పట్టుబట్టిన, జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస ప్రభుత్వమే, మన మీద పోరాడటానికి పులులకు రహస్యంగా ఆయుధాలిచ్చింది. 1990 జూన్‌లో అవే తుపాకులు దాని మీదికే తిరిగాయి. దక్షిణాన ‘భారత్ వచ్చి పడింది’ అన్న కోపాన్ని సింహళ తిరుగుబాటు పార్టీ జేవీపీ వాడుకుంది. అక్కడ చచ్చిన సింహళ యువకులు వేలల్లో ఉన్నారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూర్‌లో పులులు రాజీవ్‌ను చంపారు. ఆ దీవిలో యుద్ధం 2009 మే వరకు సాగింది. మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. తిరిగొచ్చిన జవాన్లకు మద్రాసులో స్వాగతం చెప్పే సభకు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. పోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారకం కొలంబో పక్కన కోట్టేలో ఉంది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 దాకా లేనే లేదు.

2003లో ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగితే వాజ్‌పేయి ప్రభుత్వం పంపలేదు. ఆ నిర్ణయం వెనక జాఫ్నా ఉందని నా నమ్మకం. రుజువు అడగకు.

‘మరి 1971 కూడా తప్పేనా’ అని ఉత్తరంలో అడిగావు. ఆ ఏడు డిసెంబరులో గెలిచిన సైన్యం 1972 మార్చికి బంగ్లాదేశ్ నుంచి వచ్చేసింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటును ఒక్క రోజులో అణిచారు. అక్కడ చేయవలసిన పని ఏమిటో, ఎప్పటికి పూర్తవుతుందో పంపినవాళ్లకు తెలుసు. అంతకుమించి వాదించే ఓపిక ఇవాళ లేదు. సంకలనం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరితో రాయించాలి అన్న ప్రశ్నలు నేను చదవలేదనుకో.

ఒక్కటి బాగుంది. హవల్దారు తల్లి, కొడుకు రేకు పెట్టె తాళం తీయకుండానే రోజూ పైన దుమ్ము తుడుస్తుంది చూడు, అది. అది నువ్వు చూసి రాశావు, ఎక్కడ చూశావో నాకు రాయి. పెట్టె మీద పేరు, నంబరు తెల్ల రంగుతో రాసి ఉంటాయి. తుడిచి తుడిచి అవి ఎంతవరకు చెరిగాయో కూడా చెప్పాల్సింది.

ఆ హవల్దారును బతికించి ఇంటికి తీసుకురా. తారు రోడ్డు మీద నడిపించు. తిరగరాసి పంపు. ఫోను చేయకు, నాకు వినపడటం తగ్గింది. ఈసారి కాగితాలకు గుండుసూది గుచ్చకు, దారం కట్టు. నా బొటనవేలు ఇంకా సలుపుతోంది.

ఆశీస్సులతో,
అమ్మ