సగం అల్లిన జడను ఆపే పిన్ను

ప్రశ్న: నాడీకణం చివర రసాయనం నిండిన చిన్న తిత్తులు కణపు పొరను ఆనుకునే ఉంటాయని, సంకేతం అందగానే పొరలో కలిసిపోయి రసాయనాన్ని బయటికి వదులుతాయని చదివాను. అంత దగ్గరగా ఉన్నవి సంకేతం వచ్చేదాకా కలవకుండా ఎలా ఆగుతున్నాయి?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: రెండు పొరలు కలవడం అంత తేలికైన పని కాదు. కొవ్వు అణువులతో ఏర్పడిన ఈ పొరలు తమ ఉపరితలాన నీటిని పట్టుకుని ఉంటాయి కనుక, మధ్యనున్న ఆ నీటిని నెట్టివేసి వాటిని బలవంతంగా దగ్గరకు లాగేవారు కావాలి. స్నేర్ ప్రోటీన్లు చేసేది ఆ పనే. తిత్తి మీది సినాప్టోబ్రెవిన్, కణపు పొర మీది సింటాక్సిన్, స్నాప్-25 అనే మూడూ జడలా పెనవేసుకుంటాయి. స్నాప్-25 ఒక్కటే రెండు పాయలను ఇస్తుంది కనుక జడకు నాలుగు పాయలు. అల్లిక పొరల వైపు సాగుతున్నకొద్దీ తిత్తి పొరకు మరింత దగ్గరవుతుంది. ధనుర్వాతంలో ఒళ్లు విల్లులా బిగుసుకుపోవడానికి కారణం, కండరాలను అదుపులో ఉంచే నాడీకణాలలో ఆ బ్యాక్టీరియా విషం సినాప్టోబ్రెవిన్ పాయను కోసివేయడమే.

ఇక మీరు అడిగిన ఆగడం సంగతి. అల్లిక చాలావరకు పూర్తయిన దశలో, సుమారు 134 అమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న కాంప్లెక్సిన్ అనే చిన్న ప్రోటీన్ జడ పక్కనున్న గాడిలో పిన్నులా ఇమిడి, సినాప్టోటాగ్మిన్ అనే మరో ప్రోటీన్‌తో కలిసి, చివరి అల్లిక పడకుండా నిలుపుతుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. విద్యుత్ సంకేతంతో కాల్షియం లోనికి రాగానే సినాప్టోటాగ్మిన్ దానిని పట్టుకుని కణపు పొర మీద వాలుతుంది, పట్టు సడలుతుంది, మిల్లీసెకను లోపే తిత్తి తెరుచుకుంటుంది. తిత్తుల రవాణాను విడమరచినందుకు 2013లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో థామస్ సూడాఫ్ కృషి ప్రధానంగా ఈ కాల్షియం ఘట్టం మీదనే సాగింది.

అయితే కాంప్లెక్సిన్‌ను కేవలం అడ్డుపుల్లగా భావిస్తే సగమే అర్థమైనట్లు. అది లేని ఈగలలో సంకేతం లేకుండానే తిత్తులు విపరీతంగా తెరుచుకున్నాయి; అడ్డు తొలగితే జరగవలసింది అదే. కాని కాంప్లెక్సిన్ 1, 2 రెండూ లేని ఎలుక పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే చనిపోయాయి, వాటి నాడీకణాలలో సంకేతం వచ్చినా విడుదల తగ్గిపోయింది. అంటే ఆపే చెయ్యే జడను సిద్ధంగా, బిగువుగా పట్టి ఉంచి, సమయం వచ్చినప్పుడు వేగంగా కలవడానికి సాయపడుతోంది. ఈ రెండు పనులలో ఏది ఎంత అన్నది జీవిని బట్టి మారుతుంది.

పని ముగిశాక అల్లుకున్న పాయలు వాటంతట అవి విడిపోవు. ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చుచేసి వాటిని విప్పితేనే మళ్లీ అల్లడానికి పనికివస్తాయి.