ప్రశ్నలు – జవాబులు: తలుపులు తెరిచిన వరుస

చెన్నైలో ధనుర్మాసపు కచేరీల గురించి కిందటి సంచికలో రాసిన జవాబులో, కరోనా వల్ల 2020లో సంగీత సభలన్నీ మూతపడిన సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగతా జవాబు మీద రాలేదు. వాటిలో ఐదింటిని ఎంచి ఈసారి శీర్షికంతా వాటికే ఇస్తున్నాను. పేర్లు వద్దని కొందరు కోరారు కనుక అందరి పేర్లూ తీసివేశాను, పేటల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: 2020లో మా వీధి చివర టాస్మాక్ వారి ప్రభుత్వ మద్యం దుకాణం తెరిచిన రెండు వారాలకు గానీ కపాలీశ్వరుడి గుడి తెరవలేదు. సినిమా హాళ్లు తెరిచిన నెల తరువాత గానీ మెరీనాలో అడుగు పెట్టనివ్వలేదు. గాలి ఆడని హాలు కన్నా సముద్రపు గట్టు ప్రమాదమా? ఈ వరుస ఏ శాస్త్రం ప్రకారం పెట్టారు? (మైలాపూరు)

జవాబు: మీ జ్ఞాపకంలో తప్పు లేదు. రాష్ట్రంలోని మిగతా చోట్ల మద్యం దుకాణాలు 2020 మే 7న తెరుచుకోగా, మరునాడే మద్రాసు హైకోర్టు మూయించింది. మే 15న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేయడంతో 16 నుంచి మళ్లీ అమ్మకాలు సాగాయి. చెన్నైలో మాత్రం ఆగస్టు 18 దాకా ఆగారు. ఇక్కడి పెద్ద ఆలయాలు సెప్టెంబరు 1న, సినిమా హాళ్లు సగం సీట్లతో నవంబరు 10న తెరుచుకున్నాయి. మెరీనాకు జనాన్ని అనుమతించింది డిసెంబరు 14న.

ఈ వరుసకు వైద్యశాస్త్రంలో ఆధారం వెతికితే దొరకదు. దుకాణం సంగతిలో కారణం బహిరంగ రహస్యమే. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము రేటు నిర్ణయించుకోగల పన్నులు కొన్నే మిగిలాయి, వాటిలో మద్యం, పెట్రోలు ముఖ్యమైనవి. తమిళనాడుకు మద్యం మీద ఏటా 30 వేల కోట్ల రూపాయలకు పైగా వస్తుంది. ఖర్చు పెరిగి రాబడి ఆగిన నెలల్లో ఏ ఆర్థిక కార్యదర్శి అయినా మొదట ఆ తలుపు వైపే చూస్తాడు. అది సబబని నేను అనడం లేదు, జరిగింది అదే అంటున్నాను.

సముద్రపు గట్టు సంగతి ఇంకొంచెం చిక్కైనది. హాలుకు గేటు ఉంటుంది, సీటుకు నంబరు ఉంటుంది, నిబంధన తప్పితే నోటీసు అందుకోవడానికి ఒక యజమాని ఉంటాడు. కిలోమీటర్ల పొడవున్న ఇసుకకు ఈ మూడూ లేవు. ఆదివారం సాయంత్రం మెరీనాకు వచ్చే జనాన్ని ఆరడుగుల ఎడంలో నిలబెట్టడం పోలీసుల తరం కాదు కాబట్టి, అధికారులు ఆ గట్టును మొత్తంగా మూసేసి చేతులు దులుపుకున్నారు. ఆ కాలపు ఉత్తర్వులు ఎన్ని చదివినా నాకు కనిపించేది ఇదే: ఎక్కడ బాధ్యుడి సంతకం దొరుకుతుందో అక్కడ తలుపు ముందు తెరుచుకుంది. తెరవమని అర్జీ పెట్టుకోవడానికి కూడా ఒక యజమానుల సంఘం కావాలి. మురుకులు, సుండల్ అమ్ముకునేవాళ్లకు అలాంటి సంఘం ఏది?

ఆలయాల విషయంలో ప్రభుత్వం పక్షాన ఒక మాట చెప్పాలి. కేంద్రం జూన్ 8 నుంచే ప్రార్థనా స్థలాలకు అనుమతి ఇచ్చింది. కానీ కోయంబేడు మార్కెట్ నుంచి వ్యాధి పాకిన తరువాత చెన్నై పరిస్థితి ఎంత విషమించిందంటే, జూన్ 19 నుంచి నగరాన్ని మళ్లీ పూర్తిగా మూయవలసి వచ్చింది. తెరిచిన రోజు నేను మా పేట గుడికి వెళ్లాను. నేల మీద సున్నంతో గీసిన వృత్తాల్లో నిలబడి ముందుకు జరగాలి, కొబ్బరికాయ లోపలికి తీసుకుపోకూడదు, తీర్థం లేదు, శఠారి లేదు. నా ముందున్న ముసలావిడ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. అర్చకులు రెండడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచే నమస్కారం పెట్టారు.

ప్రశ్న: 2021 సంక్రాంతికి సినిమా హాళ్లు నిండుగా నడపవచ్చని రాష్ట్రం చెప్పింది, నాలుగు రోజుల్లో మళ్లీ సగమే అన్నారు. టికెట్లు కొన్నవాళ్లం నవ్వులపాలయ్యాం. అసలు ఇలాంటప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, కేంద్రానిదా, రాష్ట్రానిదా? (వడపళని)

జవాబు: రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోది. అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలో ఉంది. కానీ 2020లో కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద ఉత్తర్వులు ఇచ్చింది. రాష్ట్రాలు ఆ ఆంక్షలను తమ అవసరం కొద్దీ బిగించవచ్చు గానీ సడలించడానికి వీల్లేదన్నది ఆ ఉత్తర్వులలోని ముఖ్యమైన షరతు. చెన్నైలో గుళ్లు ఆలస్యంగా తెరవడం బిగించడం కాబట్టి చెల్లింది. హాళ్లు నూటికి నూరు శాతం నింపడం సడలించడం కాబట్టి చెల్లలేదు. జనవరి 4న రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది, కేంద్ర హోంశాఖ అభ్యంతరం చెబుతూ లేఖ రాసింది, విషయం హైకోర్టుకు కూడా వెళ్లింది, 8వ తేదీన రాష్ట్రం వెనక్కి తగ్గింది. తమాషా ఏమిటంటే, ఫిబ్రవరి 1 నుంచి హాళ్లు నిండుగా నడపవచ్చని కేంద్రమే చెప్పింది. ఆ మూడు వారాల్లో వైరస్ స్వభావమేమీ మారలేదు. ఈ చట్టం కింద ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి.

ప్రశ్న: మా తాతగారు హరిదాసు. వయస్సు 71. 2020లోనూ 2021లోనూ శ్రీరామనవమి పందిళ్లు వేయనివ్వకపోవడంతో రెండేళ్లు కథ చెప్పలేదు, తరువాత పిలుపులు తగ్గిపోయాయి. పర్యాటక గైడ్లకు ప్రభుత్వం హామీ ఉండి అప్పు ఇప్పించిందని విన్నాం. ఆయనకు ఎందుకు ఏదీ రాలేదు? ఇప్పుడైనా ఏమైనా చేయవచ్చా? (పెరంబూరు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం కోసమే ఈ సంచిక ఇలా రూపుదిద్దుకుందని చెప్పాలి.

మొదట ఆంక్ష ఎందుకు వచ్చిందో చెబుతాను, ఎందుకంటే అది అర్థం లేనిది కాదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. వారిలో ఒక్కరికి జలుబు లక్షణాలున్నాయి. చివరికి 53 మందికి వ్యాధి సోకినట్టు తేలింది లేదా అనుమానించారు, ఇద్దరు మరణించారు. గొంతెత్తి పాడేటప్పుడు నోటి నుంచి వెలువడే సూక్ష్మమైన తుంపరలు మూసిన గదిలో ఎంత దూరం పోతాయో లోకానికి తెలియజెప్పిన ఘటనల్లో అది ఒకటి. కేంద్ర ఆరోగ్యశాఖ జూన్ 4న ప్రార్థనా స్థలాలకు ఇచ్చిన నియమాల్లో, రికార్డు చేసిన భక్తిగీతాలు వేసుకోవచ్చు గానీ బృందాలు పాడకూడదని రాశారు. 65 ఏళ్లు దాటినవారు ఇల్లు కదలవద్దని కూడా అందులోనే ఉంది. భజన బృందం, హరికథ, బుర్రకథ, పెళ్లిమేళం, వీటిలో దేన్ని తీసుకున్నా గొంతో, ఊపిరో, చుట్టూ చేరిన జనమో లేకుండా నడవదు. అందువల్ల ఆపమనడంలో తప్పు పట్టలేను. ఆపినంత కాలం వాళ్లు ఏం తినాలన్న ప్రశ్న ఆ ఉత్తర్వుల్లో ఎక్కడా లేకపోవడం దగ్గరే నా అభ్యంతరం.

గైడ్ల సంగతి నిజమే. 2021 జూన్ 28న కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించిన పథకంలో లైసెన్సు ఉన్న గైడుకు లక్ష, పర్యాటక సంస్థకు 10 లక్షల రూపాయల దాకా పూర్తి ప్రభుత్వ హామీతో అప్పు ఇస్తామన్నారు. లైసెన్సు గైడ్లు 10,700 మంది అని అంకె కూడా చెప్పగలిగారు. ఆ అంకె చెప్పగలగడంలోనే అంతా ఉంది. గైడుకు శాఖ ఇచ్చిన కార్డు ఉంది, జాబితాలో పేరుంది. హరిదాసుకు గజ్జెలు, చిడతలు, ఒక పట్టు పంచె, నవమి పందిట్లో చేతిలో పెట్టిన కవరు ఉన్నాయి. కవరుకు రశీదు ఉండదు కాబట్టి పోయిన ఆదాయం ఎంతని అడిగితే చూపడానికి కాగితం లేదు. మహాబలిపురంలో లైసెన్సు లేకుండా శంఖాలు, చిన్న రాతిబొమ్మలు అమ్ముకునేవాళ్లకు కూడా ఇదే జరిగింది.

పెద్ద సభల దారి వేరు. 2020 డిసెంబరులో మ్యూజిక్ అకాడమీ తన ఉత్సవాన్ని ఆన్‌లైన్లో నడిపింది. ఆ అక్టోబరు నుంచే మూసిన హాళ్లలో సగం సీట్లు నింపవచ్చని కేంద్రం చెప్పినా, హాలు ఎంత పెద్దదైనా 200 మందికి మించరాదని పైపరిమితి పెట్టింది. సుమారు 1,600 సీట్ల హాల్లో 200 మందిని కూర్చోబెడితే కరెంటు ఖర్చు కూడా రాదు. మంచి కెమెరా, మైకు, విదేశాల్లో టికెట్టు కొనే రసికులు ఉన్న గాయకులకు ఆన్‌లైన్ కచేరీ ఒక దారి చూపింది. మీ తాతగారిలాంటి ఒక పెద్దాయన ఆ రోజుల్లో తన మనవడి ఫోనును స్టీలు డబ్బాల మీద నిలబెట్టి, వంటింటి గోడ ముందు గజ్జె కట్టి రుక్మిణీ కల్యాణం చెప్పడం నేను చూశాను. ఏడుగురు చూస్తున్నారని తెర మీద కనబడుతోంది. ‘గోవిందా’ అనిపించాల్సిన చోట ఆయన అలవాటుగా ఆగారు. అటు నుంచి ఎవరూ అనలేదు. ఆయనే అనుకుని ముందుకు సాగారు.

ఇక చేయగలిగినది. వృద్ధ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 6,000 రూపాయల వరకు ఆర్థిక సహాయం ఇస్తుంది. వయస్సు 60 దాటి ఉండాలి, వార్షికాదాయం 72,000 మించకూడదు. ఇది కేంద్ర పథకం కాబట్టి చెన్నైలో ఉంటూ తెలుగులో కథ చెప్పడం అడ్డు రాదు. తమిళనాడులో జానపద కళాకారుల సంక్షేమ బోర్డు కూడా ఉంది, దాని సభ్యత్వం గురించి రాష్ట్ర కళా సంస్కృతి శాఖ కార్యాలయంలో అడగండి. రెండు చోట్లా అడిగేది ఒకటే, కళాకారుడనడానికి రుజువు. తాతగారి ట్రంకు పెట్టె తెరిచి చూడండి. పాత కరపత్రాలు, దేవస్థానాల ఆహ్వానాలు, సన్మాన పత్రాలు, ఆకాశవాణిలో కథ చెప్పి ఉంటే ఆ ఒప్పంద పత్రాలు, ఏవి దొరికితే అవి తేదీల వారీగా పేర్చి నకళ్లు తీయించండి. కరపత్రంలో పేరు ఒక అక్షరం అటూ ఇటుగా పడి, ఆధార్‌లో ఇంకోలా ఉంటే రెండూ ఒకరేనని అఫిడవిట్ జతపరచండి. అర్జీలు ఇలాంటి చిన్న తేడాల దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంటాయి.

ప్రశ్న: 2021 మేలో మా అమ్మాయి పెళ్లికి మండపం మాట్లాడుకుని రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. లాక్‌డౌన్ వచ్చి ఇంట్లోనే చేశాం. మండపం వారు ‘వేరే తేదీ ఇస్తాం, డబ్బు ఇవ్వం’ అన్నారు. విమాన టికెట్ల డబ్బు తిరిగి ఇప్పించిన ప్రభుత్వం మండపాల డబ్బు ఎందుకు ఇప్పించలేదు? (టి.నగర్)

జవాబు: విమాన టికెట్ల డబ్బు దానంతట అది రాలేదు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లి, 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చాక లాక్‌డౌన్ టికెట్ల సొమ్ము తిరిగి ఇచ్చే పద్ధతి స్థిరపడింది. విమాన సంస్థలు గుప్పెడే, వాటి మీద ఒక నియంత్రణ శాఖ ఉంది. మండపాలు వీధికి రెండు, వాటి మీద అలాంటి శాఖ లేదు.

చట్టం మాత్రం మీకు పూర్తిగా వ్యతిరేకం కాదు. కాంట్రాక్టు చట్టం, 1872లోని 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తరువాత జరిగిన పరిణామాల వల్ల అది నెరవేర్చడం అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు. అలా చెల్లకుండా పోయినప్పుడు అందుకున్న లాభాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. అవతలివారి వాదన కూడా ఊహించవచ్చు: పెళ్లికి 50 మందిని అనుమతించారు కదా, మండపం వాడుకోవడం అసాధ్యం ఎక్కడైంది? ఆరు వందల మందికి భోజనాల హాలుతో సహా మాట్లాడుకున్న ఒప్పందాన్ని 50 మందికి కుదిస్తే అది అదే ఒప్పందం అవుతుందా అన్నదే మీ జవాబు కావాలి. ఆ జవాబుకు బలం ఉందనే నా అభిప్రాయం.

బాధ కలిగించే సంగతి గడువు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. కరోనా కాలాన్ని, అంటే 2022 ఫిబ్రవరి 28 దాకా, లెక్కలోంచి తీసివేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వెసులుబాటు కలుపుకున్నా మీ గడువు 2024 ఫిబ్రవరి నెలాఖరుతో దాటిపోయింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, ఇన్నేళ్ల తరువాత ఆశ పెట్టుకోమని నేను చెప్పలేను. రెండో అమ్మాయి పెళ్లి ఉందని రాశారు. ఈసారి అడ్వాన్సు రశీదు మీదే, ప్రభుత్వ ఆంక్షల వల్ల అతిథుల సంఖ్య తగ్గించవలసి వస్తే ఎంత తిరిగి ఇస్తారో రాయించుకోండి.

ప్రశ్న: కరోనా పోయి ఇన్నేళ్లయినా ఊటీకి ఇంకా ఈ-పాస్ ఎందుకు? (అన్నానగర్)

జవాబు: ఇది ఆ పాసు కాదు, పేరొక్కటే మిగిలింది. 2020లో జిల్లా దాటడానికి పెళ్లో, చావో, వైద్యమో చూపి తీసుకోవలసిన పాసు సెప్టెంబరు 1న రాష్ట్రంలో చాలామటుకు రద్దయింది. రాష్ట్రాల మధ్య రాకపోకలను అడ్డుకోవద్దని కేంద్రం ఆగస్టు 22నే లేఖ రాసింది. దానికి ముందు మా బంధువుల ఇంట్లో పెద్దకర్మకు నెల్లూరు వెళ్లవలసినవారు పాసు అందక, సరిహద్దుకు ఇటు ఒక కారు దిగి, చెక్‌పోస్టు నడిచి దాటి, అటు వేరే కారెక్కారు. మదరాసుకు ఇది కొత్త కూడా కాదు, 1890ల చివర్లో ప్లేగు వచ్చినప్పుడు ఈ ప్రెసిడెన్సీలో ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టులు ఇచ్చేవారు.

ఇప్పటి పాసు కొండల మీద వాహనాల రద్దీకి సంబంధించినది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీలగిరికి రోజుకు 6,000 వాహనాలు, శని ఆదివారాల్లో 8,000 అని, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అని పరిమితి కూడా విధించారు. స్థానికుల వాహనాలకు మినహాయింపు ఉంది. మీరు ప్రభుత్వ బస్సులోనో, మేట్టుపాళయం నుంచి కొండ రైల్లోనో వెళ్లేటట్లయితే పాసు అక్కరలేదు.