బొలెరో నెత్తిన లైట్ బార్ పెట్టాలంటే...

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. తెల్లారకముందే జీడితోటకి వెళ్లాలి, కాపు టైములో రాత్రి కాపలా కూడా ఉంటుంది. ఇసుక దారి, రెండు పక్కలా పొదలు, ఎలుగుల భయం సరేసరి. పాత బొలెరో పైన లైట్ బార్ వేయిద్దామని షాపుకెళ్తే 50 అంగుళాలది, 300 వాట్లది తీసుకోమన్నాడు, పైకప్పుకి కన్నాలు పెట్టి బిగిస్తానంటున్నాడు. పోలీసులు పట్టుకుంటారని మా తమ్ముడి గోల. ఏటి చెయ్యమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ కన్నాల పని ఆపించండి బాబూ. ఉద్దానం ఉప్పుగాలికి కన్నం చుట్టూ రేకు పొక్కులు లేస్తుంది, తర్వాత వానాకాలంలో నీళ్లు మీ ఒళ్లోనే కారతాయి. మీ బండి పైకప్పు అంచున వాన నీరు జారే గట్టర్ ఉంటుంది కదా, దాన్ని పట్టుకునే క్లాంపులు దొరుకుతాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు, కింద రబ్బరు వాషర్లు వేయించండి. వైరుకి మధ్యలో నీళ్లు చొరబడని కనెక్టర్ పెట్టిస్తే బార్‌ని పది నిమిషాల్లో ఊడదీసి లోపల పడేసుకోవచ్చు. ఎందుకు ఊడదీయాలో కింద చెప్తాను.

పెట్టె మీద రాసిన వాట్లు నమ్మొద్దు. షాపులోనే 12 వోల్టుల బ్యాటరీకి కలిపి మీటరు పెట్టమనండి. నిజంగా 300 వాట్లదైతే 25 ఆంప్స్ దాకా లాగాలి, ఏడెనిమిది దగ్గరే ఆగిపోతే మిగతాదంతా స్టిక్కరే. అసలు మీ దారికి అంత అక్కర్లేదు. నిజమైన 100, 120 వాట్లది, 20 నుంచి 30 అంగుళాల్లోపు చాలు. స్పాట్ రకం వెలుగు దూరంగా సన్నగా పోతుంది, ఎలుగేమో పక్క పొదలో ఉంటుంది! అందుకే వెలుగు పక్కలకి వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ రకం గానీ, రెండూ కలిసిన కాంబో గానీ అడగండి.

నెత్తిన పెట్టడంలో ఒక చిక్కుంది. పైనుంచి పడే వెలుగు బానెట్ మీద తగిలి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. బార్‌ని అద్దం అంచుకి కాస్త వెనక్కి జరిపితే బానెట్ మీద పైకప్పు నీడ పడుతుంది, బాధ చాలావరకు తగ్గుతుంది. మంచులో మాత్రం పైలైటు శుద్ధ దండగ. ఒక డిసెంబరులో సాలూరు ఘాట్ ఎక్కుతూ గొప్పగా వేశాను, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టయింది, ఆపేసి డిమ్ లైటుతోనే పాక్కుంటూ పోయాను.

వైరింగ్ దగ్గర మాత్రం పైసా తగ్గకండి. నా బండికి మొదటిసారి రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న డబ్బా) లేకుండా నేరుగా స్విచ్‌కే కలిపేశారు, అరగంటకి స్విచ్ ముట్టుకుంటే చురుక్కుమంది, ప్లాస్టిక్ కాలిన వాసన. 120 వాట్లకి 10 ఆంప్స్ కాబట్టి 15 ఆంప్స్ ఫ్యూజ్, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. రిలే కింద పిన్నులకి నంబర్లుంటాయి, 30 నంబరుకి ఫ్యూజ్ నుంచి వచ్చేది, 87 నుంచి లైటుకి, 86కి స్విచ్, 85 ఎర్త్. స్విచ్ మీదుగా పోయేది రిలేని లేపేంత కొద్ది కరెంటే. ఇంజన్ ఆపేసి కాపలా కాస్తూ గంట వెలిగిస్తే బ్యాటరీలో 10 ఆంపియర్ అవర్స్ ఖాళీ, పాత బ్యాటరీ అయితే పొద్దున తోసుకోవాల్సిందే. స్పీడులో బార్ ఈల వేస్తే నైలాన్ తాడు ఎడం ఎడంగా మెలిచుట్టు చుట్టండి, ఆగుతుంది.

ఇక మీ తమ్ముడి మాట కొట్టిపారేయలేం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది చూస్తే, రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైట్, సెర్చ్ లైట్ పెట్టుకోకూడదు. కవర్ తొడిగితే చాలంటారు కొందరు, నిబంధన వెలిగించడం గురించి కాదు, ఉండటం గురించే. పైగా హైవే మీద ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి క్షణంపాటు ఏమీ కనబడదు. అందుకే కనెక్టర్ అన్నాను, తోటలోకి దిగాక తగిలించి, రోడ్డెక్కేముందు తీసేయండి.

ఎలుగు నిజంగానే ఎదురైతే వెలుగంతా దాని మొహాన కొట్టి హారన్ మోగించకండి. అద్దాలెత్తుకుని ఆగి దారివ్వండి, దిగి ఫోటో తీసే సరదా అస్సలు వద్దు.