426 డిగ్రీల బావిలో థర్మామీటరు: ఇదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు రాయనంటోంది. ఐస్‌లాండ్‌లో భూగర్భ వేడి కోసం తవ్వే బావుల్లో దింపే కొలత పరికరాల మీద పని చేస్తుందట. ఇందులో బతుకుతెరువు ఉందా? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయికి నచ్చింది చిన్న విషయమేమీ కాదు. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో వేసిన బోరు, రెండు కిలోమీటర్లు దాటగానే కరిగిన శిలాద్రవంలోకి దిగింది. 2017లో అదే దేశంలోని రేక్యానెస్‌లో 4,659 మీటర్లు తవ్వితే అడుగున 426 డిగ్రీల వేడి, 340 బార్ల పీడనం (మనం పీల్చే గాలి పీడనానికి దాదాపు 340 రెట్లు) తేలాయి. సర్క్యూట్ బోర్డుల మీద చిప్‌లను అతికించడానికి ఏళ్లుగా వాడుతున్న తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. అక్కడ చిప్ పాడవడం దాకా కూడా రాదు, బోర్డు మీంచి ఊడిపోతుంది.

మరెలా కొలుస్తారు? పరికరాన్ని థర్మాస్ ఫ్లాస్కు లాంటి గొట్టంలో పెట్టి దింపి, వేడి లోపలికి చేరేలోపే పైకి లాగేస్తారు. దొరికేది కొన్ని గంటలే. ఎలక్ట్రానిక్స్ అసలే లేని పాత పద్ధతీ ఉంది: పీడనానికి లోహపు చుట్ట విచ్చుకుంటే, దానికి తగిలించిన సూది రేకు మీద గీత గీస్తుంది. జపాన్‌లోని కక్కొండలో 500 దాటిన వేడిని, ఫలానా డిగ్రీకి కరుగుతాయని తెలిసిన పదార్థాలను దింపి, ఏవి కరిగాయో చూసి తేల్చారు. మన ఇళ్లలో తీగపాకం చూసినట్టే! మీ అమ్మాయి చదువు పనికొచ్చేది సిలికాన్ కార్బైడ్ చిప్‌ల దగ్గర. నాసా వాళ్లు వీటిని 500 డిగ్రీల్లో వేల గంటలు నడిపించారు.

ఉద్యోగాల సంగతి సూటిగా చెబుతాను. మన దేశంలో నేరుగా ఈ రంగంలో ఖాళీలు దాదాపు లేవు. లద్దాఖ్‌లోని పుగాలో ఓఎన్‌జీసీ తవ్వకాలు, మణుగూరులో భూగర్భ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఐస్‌లాండ్‌లో పేరున్న ఆరు నెలల శిక్షణ కూడా ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లకే, కొత్త బీటెక్‌లకు కాదు.

అందుకని చుట్టుదారిలో వెళ్లాలి. ష్లంబర్జర్ (ఇప్పటి పేరు ఎస్‌ఎల్‌బీ), హాలిబర్టన్, బేకర్ హ్యూస్ లాంటి కంపెనీలు చమురు, గ్యాస్ బావుల్లో దింపి లోపలి వివరాలు కొలిచే లాగింగ్ పరికరాలు వీటికి అన్నదమ్ములే. మీ కాకినాడ ఎదుట సముద్రంలోనే, కేజీ బేసిన్‌లో, అధిక వేడి, అధిక పీడన గ్యాస్ బావులున్నాయి. ఫీల్డ్ ఉద్యోగమైతే వారాల తరబడి రిగ్గు మీదే. ఆడపిల్ల కదా అని మీరు అడగలేదు, సంతోషం. డిజైన్ వైపు వెళ్లాలంటే గేట్ రాసి మైక్రోఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ చేయాలి.

క్యాంపస్ ఇంటర్వ్యూలు మాత్రం మాననివ్వకండి. చేతిలో ఆఫర్ ఉంటే గేట్‌కు నిబ్బరంగా చదవొచ్చు. ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో వేడిని కొలిచే ఒక పీటీ100 సెన్సర్‌ను 200 డిగ్రీల దాకా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేస్తూ, రీడింగు ఎంత జారుతోందో నెల రోజులు నోట్‌బుక్‌లో రాయమనండి. ఈ రంగంలో రోజూ ఉండేది ఆ పనే. రెండో వారానికే విసుగొచ్చిందంటే మనం మళ్లీ మాట్లాడుకుందాం.