హెన్రీ పెళ్ళాల కథలు రాస్తున్న అబ్బాయికి

బాబూ,

నీ ఫైల్ రెండుసార్లు చదివా. ఫోన్లో చదవలేక మా మనవడితో ప్రింట్ తీయించుకున్నా, నలభై రెండు పేజీలు, ఇంక్ మొత్తం నీకే అయిపోయిందని వాడు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, ఆరుగురు పెళ్ళాలు, ఆరు కథలు. చదివించావ్, అందులో డౌట్ లేదు. పొగడ్త ఇంతటితో సరి, ఇక తిట్లు. ఈ మేడమ్ గారూ అనడం కూడా ఆపెయ్, పిన్నీ అను చాలు.

మొదటి గొడవ పేజీల దగ్గరే. బంతిలో కూర్చోబెట్టి వడ్డించినట్టు ఒక్కొక్కరికీ ఏడేసి పేజీలు వేశావ్. లెక్క చూడు. అరగాన్ కేథరిన్‌ని హెన్రీ చేసుకున్నది 1509 జూన్‌లో, ఆ పెళ్ళి చెల్లదని తీర్పొచ్చింది 1533 మేలో, అంటే దగ్గర దగ్గర ఇరవై నాలుగేళ్ళు. మిగతా ఐదుగురూ కలిసి పద్నాలుగేళ్ళలో అయిపోయారు, 1547 జనవరిలో రాజు పోయేదాకా లెక్కేసినా సరే. నాలుగో ఆవిడ, క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్ అయితే మరీ ఆర్నెల్లు. ఇరవై నాలుగేళ్ళ కాపురానికీ అవే ఏడు పేజీలు, ఆర్నెల్ల కాపురానికీ అవే ఏడు పేజీలా?

పైగా మొదటి లైన్లోనే "మొదటి భార్య కేథరిన్" అని మొదలుపెట్టావ్ చూడు, అక్కడ చుర్రుమంది నాకు. ఆవిడ మొదటి భార్య ఎప్పుడైంది నాయనా, రెండోది వచ్చాకే కదా. అప్పటిదాకా ఆవిడ భార్య, అంతే. 1513లో మొగుడు ఫ్రాన్స్ మీదకి యుద్ధానికి పోతే రాజ్యం చూసుకున్నది ఆవిడే, ఆ టైంలోనే స్కాట్లండ్ రాజు దండెత్తొచ్చి ఫ్లాడెన్ దగ్గర చచ్చిపోయాడు, ఆయన రక్తం మరకల కోటు ముక్కని ఈవిడ ఫ్రాన్స్‌లో ఉన్న మొగుడికి పంపించింది, జెండాగా వాడుకోమని. నీ కథలో ఈ మనిషి ఏది? నీ కేథరిన్ రెండో పేజీ నుంచే జపమాల పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. 1511 జనవరి ఒకటిన కొడుకు పుడితే ఊరంతా పండగ చేసుకున్నారు, యాభై రెండు రోజులకి ఆ పిల్లాడు పోయాడు. నువ్వు పండగ రాయకుండానే చావు రాసేశావ్. పోతాడని నీకు తెలుసు కాబట్టి. ఆ తల్లికి తెలీదు కదా. మూడో పెళ్ళాం జేన్ సీమోర్, బాలింతగా పోయిందే, ఆవిడ దగ్గరా ఇదే తంతు, పాపం ఆ పిల్ల పెళ్ళిబట్టలు కట్టుకుంటుంటేనే నీ వాక్యాలు కళ్ళు తుడుచుకుంటున్నాయి.

నేనేదో తప్పులు చెయ్యకుండా పుట్టానని కాదులే. నా ముప్పయ్యో ఏట ఒక జమీందారు ముగ్గురు పెళ్ళాల మీద సీరియల్ రాశా. పెద్దావిడ దేవత, రెండో ఆవిడ గయ్యాళి, మూడోది అమాయకురాలు. పదో వారం ఒకావిడ పోస్ట్ కార్డు రాసింది, "మీ రెండో ఆవిడకి ఒక్కసారైనా జ్వరం రాదా అండీ" అని. ఒక్క లైనే. వారం రోజులు అన్నం సయించలేదు నాకు.

ఇంకోటి, నువ్వు "సవతులు" అని నాలుగు చోట్ల వాడావ్. ఆ మాట తీసెయ్. మనకి రాజు అంటే ఎంతమందైనా ఉండొచ్చు. తిరుమల గుళ్ళో చూడు, కృష్ణదేవరాయలు నిలబడి ఉంటే తిరుమలదేవి, చిన్నాదేవి చెరో పక్క చేతులు జోడించి ఉంటారు, ముగ్గురూ ఒకే చోట. హెన్రీ సంగతి విని మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఇంకోదాన్ని కూడా చేసుకుంటే పోయేదిగా, చంపడం ఎందుకే" అని. నీ పాఠకులూ సరిగ్గా అదే అడుగుతారు, దానికి జవాబు నీ కథలో లేదు. అక్కడ చర్చి రూలు ప్రకారం ఒక్కసారికి ఒక్కతే, కట్టుకున్నదాన్ని వదిలేసి మళ్ళీ చేసుకోవడానికి లేదు. అందుకని అసలు ఆ పెళ్ళే చెల్లదు అనిపించుకోవాలి, చచ్చిపోయిన అన్న ఆర్థర్ భార్యని చేసుకున్నాను కాబట్టి పాపం అని వాదించాడు, పోప్ ఒప్పుకోకపోతే ఏకంగా రోమ్‌తోనే తెగతెంపులు చేసుకున్నాడు. నువ్వేమో "విడాకులు" అని తేల్చేశావ్. విడాకులైతే కాపురం జరిగిందని ఒప్పుకున్నట్టు. చెల్లదంటే ఇరవై నాలుగేళ్ళూ అబద్ధం, పదిహేడేళ్ళ కూతురు మేరీ అక్రమ సంతానం, రాత్రికి రాత్రి యువరాణి పేరు పోయి ఉత్త లేడీ మేరీ. ఆ ఒక్క మాటలోనే ఒక కథకి సరిపడా దుఃఖం ఉంది.

రెండో పెళ్ళాం ఆన్ బొలీన్‌కి ఇంకా ఘోరం. 1536 మే 17న ఆమె పెళ్ళి కూడా చెల్లదన్నారు, 19న తల తీశారు, నేరం ఏంటయ్యా అంటే మొగుడికి ద్రోహం. పెళ్ళే లేనప్పుడు మొగుడెవరు? నువ్వు ఈ రెండు తేదీలూ రాసి కూడా గమనించకుండా దాటిపోయావ్, దాని బదులు కత్తి ఎలా మెరిసిందో పేజీన్నర.

కత్తి వద్దు, కలం చూడు. 1533లో కేథరిన్ దగ్గరికి ఒక కాగితం తీసుకెళ్ళారు, అందులో ఆమెని రాణి అనకుండా పాత మొగుడి విధవగా, డోవజర్ ప్రిన్సెస్ అని రాశారు. ఆవిడ కలం అడిగి తీసుకుని ఆ మాట వచ్చిన చోటల్లా కొట్టేసింది. అదే ఏడాది సెప్టెంబర్లో ఆన్‌కి కాన్పు. కొడుకే పుడతాడన్న ధీమాతో ఉత్తరాలు ముందే రెడీ చేసి పెట్టుకున్నారు, ప్రిన్స్ పుట్టాడని. ఆడపిల్ల పుట్టింది. అప్పుడేం చేశారు, మళ్ళీ రాసే ఓపిక లేక ఆ మాట చివర ఒక ఎస్ అక్షరం ఇరికించి ప్రిన్సెస్ చేశారు! ఆ ఇరికించిన అక్షరమే తర్వాత నలభై నాలుగేళ్ళు రాజ్యం ఏలిన ఎలిజబెత్. ఇంతకంటే నువ్వూ నేనూ ఏం కల్పిస్తాం చెప్పు.

ఐదో పెళ్ళాం కేథరిన్ హోవర్డ్ చేత నువ్వు చెప్పించిన డైలాగ్, "రాణిగా చస్తున్నా కానీ కల్పెపర్ పెళ్ళాంగా చావాలనుంది" అని, కల్పెపర్ అంటే ఆమెతో సంబంధం అంటగట్టిన రాజు కొలువు మనిషిలే, ఆ మాట తర్వాత ఎవరో పుట్టించింది, చూసినవాళ్ళు రాసిన ఉత్తరంలో లేదు. తీసెయ్. ఆ పిల్ల పుట్టిన సంవత్సరం కూడా ఎవరూ రాసిపెట్టలేదు, చచ్చేనాటికి ఇరవై అటూ ఇటూ ఉంటాయేమో, కట్టుకున్ననాడు రాజుకి నలభై తొమ్మిది. ఆమె రాసింది ఒక్క ఉత్తరం మిగిలింది, ఆ కల్పెపర్‌కే. నీకు రాయడానికి ఎంత కష్టపడుతున్నానో చూడ్డానికి నువ్విక్కడ ఉంటే బాగుండు అంటుంది అందులో. రాయడం సరిగ్గా రాని పిల్ల కూడబలుక్కుని రాసుకున్న ఆ ఉత్తరమే సాక్ష్యమై కూర్చుంది. 1542 ఫిబ్రవరిలో చావుకి ముందు రాత్రి తల పెట్టే మొద్దుని గదికి తెప్పించుకుని ఎలా పెట్టాలో ప్రాక్టీస్ చేసిందట, స్పెయిన్ వాళ్ళ రాయబారి రాశాడు. ఇది మాత్రం ఒక్క విశేషణం లేకుండా రాయి. దయచేసి.

క్లీవ్స్ ఆన్‌ని గుర్రం అని వెక్కిరించే జోకు కూడా కొట్టెయ్, అది ఆవిడ పోయి వందేళ్ళు దాటాక పుట్టిన మాట. 1540 కొత్త సంవత్సరం రోజు రాచెస్టర్‌లో ఆమె కిటికీలోంచి ఎద్దు మీదకి కుక్కల్ని ఉసిగొల్పే ఆట చూస్తుంటే ఎవరో మారువేషంలో వచ్చి ముద్దు పెట్టుకున్నాడు, పరాయి దేశం, భాష రాదు, ఆయన రాజని ఎలా తెలుస్తుంది, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అక్కడే చెడింది ఆయనకి. పెళ్ళి చెల్లదంటే సరే అని సంతకం పెట్టింది, రిచ్‌మండ్ ప్యాలెస్ ఇచ్చారు, రాజుగారి చెల్లెలు అన్న హోదా ఇచ్చారు, ఆరుగురిలోనూ ఆఖరున పోయింది ఆవిడే, 1557లో. నువ్వు ఆమెని కామెడీ చేశావ్, నాకైతే ఆరుగురిలో లోకం తెలిసిన మనిషి ఆమే అనిపిస్తుంది, నా అభిప్రాయం అనుకో.

చివరి కేథరిన్ పార్‌కి నర్సు వేషం కట్టావ్, కాలి పుండ్లకి కట్లు కడుతూ. ఆవిడ 1545లో సొంత పేరుతో పుస్తకం అచ్చేయించిన మనిషి. ఇంకా చెప్పాలంటే నువ్వు రాజుకి ఆరో పెళ్ళాం అంటున్నావ్ గానీ ఆవిడకి రాజు మూడో మొగుడు, ఆయన పోయిన కొన్నాళ్ళకే నాలుగోవాణ్ణి కూడా చేసుకుంది. ఆ వైపు నుంచి నంబర్లు వేసి చూడు ఒకసారి, కథ మొత్తం తిరగబడుతుంది.

ఇప్పుడు ఆరూ మళ్ళీ రాయకు, భయపడకు. ఒక్క అరగాన్ కేథరిన్ది రాసి పంపు, ముప్పై పేజీలైనా పర్లేదు, 1513 దగ్గర ఆపెయ్. వచ్చే నెల నాకు కంటి ఆపరేషన్ ఉంది, ఈలోపే పంపితే మంచిది, అక్షరాలు కాస్త పెద్ద సైజులో పెట్టు, ప్రింట్ మాత్రం నువ్వే తీసి కొరియర్ చెయ్. మావాడు ప్రింటర్ దగ్గరికి రానివ్వట్లేదు.

ఉంటాను,
పిన్ని